లైసెన్సు రివాల్వర్‌ను ఇంట్లో భద్రంగా, అవసరానికి అందేలా ఉంచుకోవడం ఎలా?

చేతి తుపాకీకి లైసెన్సు పొందిన ప్రతి ఒక్కరూ కోరుకునేవి రెండు: అది పిల్లల చేతికి ఎన్నడూ చిక్కకూడదు, తన చేతికి మాత్రం అర్ధరాత్రి లేచినా వెంటనే దొరకాలి. ఈ రెండూ ఒకచోట కుదరవని అనుకోవడం వల్లనే చాలామంది దాన్ని తలగడ కిందనో, బీరువాలో పట్టుచీరల మడతల మధ్యనో, సజ్జ మీది పాత ట్రంకుపెట్టెలోనో దాచి, దాచడమే భద్రత అని తృప్తిపడుతుంటారు. చీమకుర్తి గ్రానైటు వ్యాపారుల నుంచి, టంగుటూరు పొగాకు వ్యాపారుల నుంచి, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చేసే రైతుల నుంచి, సైన్యంలో పనిచేసి వచ్చిన మా నాన్నగారి స్నేహితుల నుంచి నేను విన్నది ఎక్కువగా ఈ దాచిపెట్టే పద్ధతే. సింగరాయకొండలోని మా ఇంట్లో కూడా ఒక సంక్రాంతి వరకు అదే పద్ధతి నడిచింది.

ఆ సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు, ఏడేళ్లవాడు, దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక ఉన్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. తాళంచెవి అక్కడ ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. రోజూ వాళ్ల నాయనమ్మ తీయడం చూశాడు, అంతే. రివాల్వర్‌ను రెండు చేతులతో పట్టుకుని వసారాలోకి వచ్చి, "పెదనాన్నా, దీనికి రీలు ఎక్కడ పెట్టాలి?" అని నన్ను అడిగాడు. దీపావళికి మన పిల్లలందరి చేతుల్లోనూ రీలు తుపాకులు ఉంటాయి కనుక, ట్రిగ్గర్ ఎక్కడుంటుందో, దాన్ని ఎలా లాగాలో వాళ్లకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. తూటాలు వేరేచోట ఉండబట్టి ఆ పూట మా ఇంట్లో పండుగ పండుగలాగే జరిగింది. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పనీ ఆ తరువాత నేర్చుకుని, ఇంట్లో అమలు చేసి చూసినదే.

మొదట ఇంటిని, ఇంట్లో మనుషులను లెక్కించండి

పెట్టె కొనడానికి ముందే ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో ఉండేవారిని, వచ్చిపోయేవారిని అందరినీ రాయండి. భార్యాబిడ్డలతో ఆగకండి. వేసవి సెలవులకు వచ్చే మనవలు, పండుగకు దిగే బంధువులు, పనిమనిషి, డ్రైవరు, చెరువు దగ్గరి కాపలా మనిషి కూడా ఆ జాబితాలో ఉండాలి. ప్రతి పేరు ఎదురుగా ఆ మనిషికి ఇంట్లో ఏ గదిలోకి చొరవ ఉందో, ఏ తాళంచెవి సంగతి తెలుసో రాయండి. బీరువా తాళంచెవి తలగడ కింద ఉంటుందని మీకు తప్ప ఇంకెవరికీ తెలియదని మీరు అనుకుంటూ ఉంటే, ఆ జాబితా పూర్తయ్యేసరికి ఆ నమ్మకం పోతుంది.

ఇదే సందర్భంలో ఒక కష్టమైన ప్రశ్న కూడా మిమ్మల్ని మీరు అడగాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉన్నారా, అప్పుల ఒత్తిడితోనో పరీక్షల భయంతోనో కుంగిపోతున్నారా, తాగి గొడవపడే అలవాటు ఎవరికైనా ఉందా అన్నది ఆ ప్రశ్న. ఆ మనిషి మీరే కావచ్చు కూడా. రొయ్యల ధర పడిపోయిన ఏడాది ఒక చెరువు రైతు మనసు ఎలా ఉంటుందో ఈ తీరంలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన చాలామందికి కొద్దిసేపట్లోనే తీవ్రమై, ఆ గడియ దాటితే తగ్గుతుంది. ఆ కొద్దిసేపట్లో చేతికి తుపాకీ అందితే వెనక్కి తీసుకునే అవకాశం ఉండదు. అందువల్ల అలాంటి పరిస్థితి ఇంట్లో ఉన్నంతకాలం ఎంత మంచి పెట్టె ఉన్నా దాన్ని నమ్మకండి. తుపాకీని లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు వద్దనో, పోలీసువారి వద్దనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. మనసు బాగులేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెట్టె ఎలాంటిది కావాలి

బీరువా లోపలి లాకరు ఈ పనికి చాలదు. దాని తాళం తేలికైనది, దాని తాళంచెవి నలుగురి చేతుల్లో తిరిగేది, పైగా నగలకోసం, కాగితాలకోసం రోజుకు రెండుసార్లు తెరిచేది. తుపాకీకి ప్రత్యేకంగా ఒక చిన్న ఉక్కు లాకరు ఉండాలి, అందులో ఇంకేమీ పెట్టకూడదు. నగలు కూడా అందులోనే పెడితే దాన్ని తెరవవలసిన మనుషులు పెరుగుతారు.

మార్కెట్లో దొరికేవి మూడు రకాలు: తాళంచెవివి, అంకెల మీటలవి, వేలిముద్రవి. వేలిముద్ర రకం చూడటానికి ఆకర్షణగా ఉంటుంది, తెరుచుకోవడం కూడా వేగమే. కానీ ఏళ్ల తరబడి చేలల్లోనో చెరువుల్లోనో పనిచేసినవారి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి, మే నెలలో ఒంగోలు ఉక్కపోతకు వేళ్లు చెమటతో తడిసి ఉంటాయి. అలాంటి వేలిని ఆ యంత్రం నాలుగుసార్లలో ఒకసారి గుర్తించకపోయినా మీకు ఉపయోగం లేదు. కాబట్టి వేలిముద్రతోపాటు అంకెల మీటలు కూడా ఉన్నదాన్ని, లేదా చీకట్లో వేళ్లతో తడిమి నొక్కగలిగే మీటలున్న దాన్ని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. దుకాణంలోనే కళ్లు మూసుకుని పదిసార్లు తెరిచి చూడండి. మూసిన పెట్టెను గట్టిగా కుదిపి, ఒక పక్క మీద చేత్తో చరిచి, దానంతట అది తెరుచుకుంటుందేమో కూడా చూడండి. చవక లాకర్లలో కొన్నిటి గడియ ఒక్క దెబ్బకే జారిపోతుంది.

అంకెల సంకేతంగా పుట్టినరోజు, పెళ్లిరోజు, బండి నంబరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు పెట్టకండి. ఇంట్లో పిల్లలు మొదట నొక్కి చూసేవి అవే. ఒకే సంకేతాన్ని ఏళ్ల తరబడి ఉంచితే ఆ మీటలే నునుపెక్కి, ఏవి నొక్కుతున్నారో కనబడిపోతుంది కనుక ఆరు నెలలకోసారి మార్చి, మీటలను గుడ్డతో తుడవండి. లాకరుతో వచ్చే అత్యవసర తాళంచెవిని ఇంట్లో దాచడమంటే, మళ్లీ పసుపు డబ్బా దగ్గరికే వచ్చినట్లు. దాన్ని బ్యాంకు లాకరులో ఉంచండి. బ్యాటరీలను ఉగాదికీ, దీపావళికీ మార్చాలని అలవాటు పెట్టుకుంటే తేదీలు గుర్తుపెట్టుకునే పని ఉండదు.

ఎక్కడ, ఎలా బిగించాలి

బిగించని లాకరును దొంగ చంకలో పెట్టుకుని పోగలడు. అందువల్ల లోపలి వైపు నుంచి కనీసం రెండు, వీలైతే నాలుగు యాంకర్ బోల్టులతో గోడకో నేలకో బిగించాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అయితే బోల్టు బాగా పట్టుకుంటుంది. పాతకాలపు మట్టి గోడ అయినా, సున్నం రాలుతున్న గోడ అయినా అక్కడ బిగించవద్దు, కాంక్రీటు స్తంభాన్నో నేలనో ఎంచుకోండి. వానకు చెమ్మ పట్టే బయటి గోడ కంటే రెండు గదుల మధ్య ఉండే లోపలి గోడ మేలు. కిటికీలోంచి చూసేవారికి కనబడకుండా, మీరు పడుకునే మంచం దగ్గర నుంచి నాలుగడుగుల లోపల, నిలబడినప్పుడు మీ ఛాతీ ఎత్తులో ఉంటే చీకట్లో కూడా చేయి నేరుగా దాని మీదికి వెళుతుంది. దేవుడి గది, హాలు, పిల్లలు చదువుకునే గది దీనికి తగవు. కారు డ్యాష్‌బోర్డు అసలే తగదు. కారు ప్రయాణానికే గాని ఆయుధాన్ని ఉంచే చోటు కాదు.

బోల్టులు వేయడానికి వచ్చిన మేస్త్రీకి అది దేనికోసమో చెప్పవలసిన అవసరం లేదు. మీ వద్ద ఆయుధం ఉందని ఎంత తక్కువమందికి తెలిస్తే ఇంటికి అంత మంచిది.

లోపల పెట్టే ముందు ఖాళీ చేయడం

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది "ఇది ఖాళీదే" అనుకున్న తుపాకీతోనే. కనుక ఈ పనిని ప్రతిసారీ ఒకే వరుసలో, మాటలు ఆపి, టీవీ ఆపి, ఎవరూ లేని గదిలో చేయండి. మూలన ఒక బకెట్టు నిండా పొడి ఇసుక ఉంచుకుని గొట్టం మూతిని ఆ ఇసుక వైపే పెట్టండి. వేలు ట్రిగ్గర్ మీదికి పోకుండా పక్కన చాచి ఉంచండి.

పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ (తూటాలు పేర్చి ఉండే డబ్బా) బయటికి తీయాలి, ఆ తరువాతే స్లైడును (పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగాన్ని) వెనక్కి లాగాలి. ఈ వరుస తారుమారైతే, స్లైడు లాగినప్పుడు ఒక తూటా బయటపడుతుంది గాని, మ్యాగజైనులోంచి ఇంకొకటి గొట్టంలోకి ఎక్కి కూర్చుంటుంది. అలాగే మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్లు కాదు, గొట్టం మొదట్లో ఒక తూటా ఉండిపోయి ఉండవచ్చు. స్లైడును వెనక్కి నిలిపి ఆ చోటును కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడండి. కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్లు మన ప్రాంతంలో ఎక్కువగా కనబడతాయి. వాటిలో మీట నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తూటాలు పట్టే ఆరు గదులూ ఒకేసారి తెరుచుకుంటాయి. బయటపడ్డ తూటాలను లెక్కపెట్టి, ఆరు గదులనూ ఒక్కొక్కటిగా వేలితో తాకండి. తరువాత ఒకసారి తల తిప్పుకుని, మళ్లీ చూడండి. రెండోసారి చూడటం అనవసరం అనిపించినా చూడండి.

తూటాలు ఎక్కడ ఉండాలి

పిల్లలున్న ఇంట్లో పగలంతా తుపాకీ ఖాళీగా ఒక లాకరులో, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద ఉండాలి, ఆ రెండు లాకర్ల సంకేతాలూ వేరుగా ఉండాలి. దీనిలో సడలింపు ఉండకూడదని నేను అనుకుంటాను. 2016 నాటి ఆయుధ నిబంధనలు కూడా ఆయుధాన్ని భద్రంగా ఉంచే బాధ్యతను లైసెన్సుదారుడి మీదనే పెట్టాయి. మీ లైసెన్సు మీద ముద్రించి ఉన్న షరతులను ఒకసారి నిదానంగా చదివితే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

అయితే రాత్రివేళ అవసరం నిజంగా ఉన్నవారి మాట వేరు. ఊరికి దూరంగా చెరువు గట్టు మీది ఇంట్లో పడుకునేవారు, నగదు ఇంటికి తెచ్చుకోక తప్పని రోజుల్లో వ్యాపారులు, ఇదివరకు బెదిరింపులు వచ్చినవారు అలాంటివారు. వారు పడుకునే ముందు గది తలుపు వేసుకుని, తూటాలు నింపిన మ్యాగజైనును పిస్టల్‌కు బిగించకుండా దాని పక్కనే మంచం దగ్గరి లాకరులో పెట్టి మూయవచ్చు. రివాల్వర్ అయితే ఆరు తూటాలను చిన్న డబ్బాలో పెట్టి దాని పక్కన ఉంచవచ్చు. గొట్టంలో తూటా ఎక్కించి మాత్రం ఉంచవద్దు. నిద్రమత్తులో ఉన్న మనిషి చేతికి ఆ రెండు మూడు క్షణాల పని ఉండటం వల్ల, ఎదుట ఉన్నది ఎవరో చూసే వ్యవధి కూడా దొరుకుతుంది. తెల్లవారి లేచాక ముఖం కడుక్కోవడానికి ముందే తూటాలు తిరిగి వాటి చోటికి వెళ్లాలి.

ఈ పద్ధతిని ఖాళీ తుపాకీతో సాధన చేయండి. తూటాలను ఇంకొక గదిలో తాళం వేసి వచ్చి, దీపాలు ఆర్పి, మంచం మీద పడుకుని లేచి లాకరు తెరిచి చూడండి. మొదటిసారి నాకు అర నిమిషం పైగా పట్టింది, వారం రోజులకు పది సెకన్లలోపు వచ్చింది. తలగడ కింద పెట్టుకోవడం వల్ల కలిసివచ్చేది ఆ పది సెకన్లే.

రాత్రి చప్పుడు వినబడితే లాకరు వైపు వెళ్లే ముందు ఇంట్లోవాళ్లు ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోండి. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో దిగిన కొడుకు చెప్పకుండా వెనక తలుపు తట్టడం మన ఇళ్లలో జరిగేదే. అందుకే ఎంత రాత్రైనా ఫోన్ చేసే లోపలికి రావాలని ఇంట్లో ఒక నియమం పెట్టండి. దీపం వేసి, పేరు పెట్టి పిలిచి, 112కు ఫోన్ చేసి, గది తలుపు లోపల గడియ వేసుకుని ఉండటమే చాలా సందర్భాల్లో సరైన పని. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును ఇచ్చింది గాని, ఆ రక్షణకు అవసరమైనంత మేరకే బలం వాడాలని కూడా చెప్పింది.

ఉప్పుగాలి, తుపాను

మన తీరంలో తుపాకీకి దొంగ కంటే ముందు వచ్చే శత్రువు తుప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల చెమ్మ కలిసి, మూసిన ఉక్కు పెట్టెలో కూడా నెల తిరగకుండానే గొట్టం మీద ఎర్రటి మచ్చ తెస్తాయి. తోలు కవరులో పెట్టి ఉంచడం ఇంకా చేటు. తోలు చెమ్మను పీల్చుకుంటుంది, తోలును పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి. కవరు బయటికి తీసుకెళ్లేటప్పటికే పరిమితం చేసి, లాకరులో తుపాకీని పొడి నూలు గుడ్డ మీద ఉంచండి. సిలికా జెల్ సంచులు రెండు పక్కన వేసి, రంగు మారే రకమైతే మారినప్పుడల్లా ఎండబెట్టి మళ్లీ వాడండి.

ఎండాకాలంలో నెలకొకసారి, వానాకాలంలో వారానికొకసారి ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, తుపాకీ నూనెను పలుచగా పూయండి. వేలిముద్రల చెమటతోనూ తుప్పు మొదలవుతుంది కనుక తుడిచిన తరువాత లోహాన్ని వట్టి చేత్తో పట్టుకోవద్దు. కొబ్బరినూనె, కుట్టుమిషను మీద మిగిలిన జిడ్డు నూనె వాడేవారిని చూశాను. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, పాతబడి జిగురవుతుంది, అవసరమైనప్పుడు ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. తూటాలకు మాత్రం ఏ నూనే తగలకూడదు. నూనె సందుల్లోంచి లోపలికి దిగితే తూటాలోని తుపాకీమందు పాడైపోతుంది.

2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్లు విడిచి వెళ్లవలసినవారికి ఆ తొందరలో ఆయుధం సంగతి గుర్తుకురావడం కష్టం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే, రోడ్లు తెగకముందే, పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయడం మంచి పద్ధతి. పునరావాస కేంద్రానికి తీసుకెళ్లడం ఎంతమాత్రం తగదు. అక్కడ లాకరు ఉండదు, వందమంది పిల్లలు ఉంటారు.

పిల్లలతో ఏమని చెప్పాలి

తాళం మీద పూర్తి భారం వేయకుండా పిల్లలతో కూడా మాట్లాడండి. భయపెట్టి చెప్పిన మాట కుతూహలం పెంచుతుంది. "దీపావళి తుపాకీ ఆటవస్తువు, ఇది కాదు. ఎవరింట్లో కనబడినా ముట్టుకోవద్దు, అక్కడ నిలబడవద్దు, వెంటనే పెద్దవాళ్లకు చెప్పు" అని నిదానంగా, ఏడాదికి రెండు మూడుసార్లు చెప్పండి. పిల్లల ముందు దాన్ని బయటికి తీసి చూపడం, ఫొటోలు దిగడం మానండి. పెళ్లిలో గాలిలోకి కాల్చే అలవాటుకు ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పెట్టిన సంగతి పెద్దలు తెలుసుకోవాలి.

కాగితాలు

లైసెన్సు, ఆయుధం నంబరు, కొన్న రసీదు, తూటాల లెక్క ఒకే ఫైలులో, తుపాకీ ఉన్న లాకరులో కాకుండా వేరేచోట ఉంచండి. లాకరుతో సహా పోతే ఫిర్యాదు ఇవ్వడానికి ఆ నంబరే కావాలి. పోయిందని తెలిసిన వెంటనే దగ్గరి స్టేషనులో చెప్పి తీరాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు అయిదేళ్లు, కాబట్టి గడువు తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు అధికారులు ఆయుధాలు అప్పగించమని అడుగుతారు. 2024లో మార్చి 16న ప్రకటన వస్తే ఫలితాలు జూన్ 4న వచ్చాయి, అంటే దాదాపు మూడు నెలలు. అప్పగించే ముందు నూనె పూసి, నంబరు కనబడేలా ఫొటో తీసి, రసీదు తీసుకోండి. తిరిగి వచ్చినప్పుడు తుప్పు చూసి, ఖాళీగా ఉందో లేదో మొదటి నుంచి మళ్లీ పరీక్షించండి.

చివరిగా ఒక కవరు సిద్ధం చేయండి. లైసెన్సు మీ పేరున ఉన్నప్పుడు, మీ భార్య అయినా, కొడుకైనా ఆ తుపాకీని తమ వద్ద ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు, కనుక మీరు జీవించి ఉండగా సంకేతం వారికి చెప్పనక్కరలేదు. మీకు ఏమైనా జరిగితే వారేం చేయాలో మాత్రం వారికి తెలిసి ఉండాలి. లాకరు ఎక్కడుందో, ఫైలు ఎక్కడుందో, అత్యవసర తాళంచెవి ఏ బ్యాంకులో ఉందో ఒక కాగితం మీద రాయండి. తుపాకీని తామే చేత్తో మోసుకుని వెళ్లకుండా ముందు స్టేషనుకు ఫోన్ చేసి, వారిని ఇంటికి పిలిచి, వారి ఎదుట తెరిచి అప్పగించి రసీదు తీసుకోవాలని అందులో స్పష్టంగా రాయండి. వారసులెవరైనా తమ పేరున లైసెన్సు కోరుకుంటే ఆ తరువాత కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కవరును అంటించి, మీద తేదీ వేసి, మా ఇంట్లో అయితే మా ఆవిడ చేతికే ఇచ్చాను, ఎల్ఐసీ బాండ్లతో కలిపి ఉంచమని.